జెనీవాకు రాసిన రెండు కాగితాలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో వాన పడిందనీ, అవ్వ సర్వపిండి చేసిందనీ రాసి ఊరుకున్నాను. చెరుకు కోసే కూలీల తరఫున జెనీవాకు పోయిన మొదటి కాగితంలో వాళ్ళ సంఘం పేరు లేకుండా చేసింది నేనే. మర్చిపోయి కాదు. ఒకసారి పేరుతో సహా టైపు చేశాను. ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి, పేరు తీసేసి మళ్ళీ టైపు చేశాను. పేరు పెట్టమని చెప్పిన మనిషికి ఇంగ్లీషు చదవడం రాదు. అంతా రాసినవా అని ఆమె అడిగితే తల ఊపాను.

మేముండేది బోధన్‌లో. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేదాన్ని. బాపు కోర్టు ముందర చాప వేసుకుని అర్జీలు రాసేవాడు. నైజాం రోజుల్లో ఆయన ఉర్దూ రాతకు ఊళ్ళో పేరుండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కచేరీల్లో ఉర్దూ అడిగేవాళ్ళు తగ్గిపోయారు. నేను నిజామాబాద్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి మెట్రిక్, టైపు పూర్తి చేసి వచ్చాక, బాపు ఒక పాత మిషను తెచ్చి లోపలి గదిలో పెట్టాడు. పగలు కోర్టు ముందర వినివచ్చిన కష్టాలను పొద్దుగూకే వేళ నాకు ఉర్దూ కలిపిన తెలుగులో చెప్పేవాడు. నేను ఇంగ్లీషులోకి మార్చి కొట్టేదాన్ని. కొందరు నేరుగా ఇంటికే వచ్చేవారు. వాళ్ళు వసారాలో, నేను లోపల, మధ్యలో పరదా. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగిలేది కాదు. ఏదైనా అనుమానం వస్తే చీటీ మీద రాసి పరదా కింది నుంచి తోసేదాన్ని. బాపు అది తీసుకుని, "మా లోపలి వకీల్ సాబ్ అడుగుతున్నడు, జవాబు చెప్పున్రి" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవారు. పరదా ఇవతల నేనూ నవ్వుకునేదాన్ని.

ఆ పరదా అవతల మొదటిసారి ఆమె గొంతు విన్నాను. బొంగురు గొంతు, తొందర లేని మాట. బాపుతో "అన్నా" అని వరస కలిపింది. బోధన్ దగ్గర ఒక ఊళ్ళో నలభై మంది చెరుకు కోసే ముఠాకు ఆమె పెద్ద. అంతకుముందు ఆమె పెనిమిటి పెద్దగా ఉండేవాడట. ఆయనకు పక్షవాతం వచ్చాక, ఆ సీజను మధ్యలో ఎవరూ అడగకుండానే ఆమె ముందు నిలబడి కోత మొదలుపెట్టింది, మిగిలినవాళ్ళు వెనక నడిచారు. అందరూ ఆమెను అక్క అనేవారు. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా.

వాళ్ళు కోసిన చెరుకు నాటు చక్కెర చేసే ఒక ఖండసారి మిల్లుకు పోయేది. ఆ మిల్లు ఇప్పుడు లేదు. మిల్లుకూ కూలీలకూ మధ్య ముకద్దం ఉండేవాడు. ఏ ముఠాను పిలవాలో, ఎవరిని ఆపాలో అతని ఇష్టం. కోతలో చెయ్యి తెగినవాళ్ళను మర్నాటి నుంచి రావద్దనేవాడు. కాన్పు అయిన ఆడదానికి ఆ సీజనులో మళ్ళీ చోటు ఉండేది కాదు. ఈ రెండూ మారాలని అక్క ముఠావాళ్ళు, పక్క ఊళ్ళ ముఠాలు కలిసి సంఘం పెట్టుకున్నారు. మేమందరం ఒకటి అంటే ముకద్దం నవ్వాడు. మీది సంఘమని ఏ సర్కారు చెప్పింది, కాగితం చూపెట్టున్రి, అప్పుడు కూర్చుని మాట్లాడుత అన్నాడు. అందుకని రిజిస్టర్ చెయ్యమని దరఖాస్తు పెట్టారు. అది తిరిగొచ్చింది. ఏ కచేరీ అన్నది ఇక్కడ అవసరం లేదు. చెరుకు కోయడం వ్యవసాయమనీ, కార్మిక సంఘాల చట్టం పరిశ్రమల్లో పనిచేసేవాళ్ళకనీ, కాబట్టి "సంఘమని చెప్పుకుంటున్న ఈ గుంపు"ను నమోదు చేయలేమనీ అందులో ఉంది.

అక్క ఆ కాగితం పట్టుకుని వచ్చింది. దీపావళి దాటితే కోత మొదలవుతుంది. ఆలోగా సంఘానికి గుర్తింపు రాకపోతే, సంఘంలో చేరినవాళ్ళను వదిలేసి రాష్ట్రం హద్దు అవతల దెగ్లూరు వైపు నుంచి కొత్త ముఠాలను తెస్తానని ముకద్దం చెప్పాడట. పైకచేరీకి ఇంకో అర్జీ రాయమని అక్క అడుగుతోంది. రాస్తే రాస్తాను గాని అదే జవాబు వస్తుందని బాపు అంటున్నాడు.

నేను నెలకోసారి రైల్లో నిజామాబాద్ పోయి లైబ్రరీలో కూర్చునేదాన్ని. నవలలు చదివేదాన్నని ఇంట్లో అనుకునేవారు. నవలలూ చదివాను, చేతికందిన మిగతావీ చదివాను. ఒకసారి నవలల మధ్య ఒక పల్చని పుస్తకం దొరికింది. కార్మికుల గురించి దేశాలన్నీ జెనీవాలో కూర్చుని చేసుకున్న ఒప్పందాల జాబితా అది. వ్యవసాయంలో పనిచేసేవాళ్ళకు కూడా పరిశ్రమల్లో వాళ్ళతో సమానంగా సంఘం పెట్టుకునే హక్కు ఉండాలన్న ఒప్పందం అందులో ఒకటి. దానికి ఒప్పుకున్న దేశాల్లో మనదీ ఉంది. తెల్లవాళ్ళ కాలంలోనే ఒప్పుకున్నారు. ఒప్పుకుని మాట తప్పిన దేశం మీద కార్మికులు అక్కడికి రాసుకోవచ్చని కూడా ఉంది. అంత దూరాన ఎవరో కూర్చుని పొలంలో పనిచేసేవాళ్ళను తలుచుకోవడం నాకు వింతగా అనిపించి, ఆ పేరా తెలుగు చేసి డైరీలో ఎక్కించుకున్నాను.

ఆ రోజు పరదా వెనక నుంచి డైరీ పేజీ చించి తోశాను. బాపు దాన్ని మొదట తనలో చదువుకున్నాడు. తర్వాత అక్కకు చదివి చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగింది.

"అంటే మన సర్కారును కూడ అడిగేటోళ్లు ఉన్నరా అన్నా?"

ఉన్నట్టే ఉంది అన్నాడు బాపు.

అక్క లేచి పరదా దగ్గరకు వచ్చి దాన్ని పక్కకు తీసింది. ఎవరూ అట్లా తీసేవారు కాదు. నల్లటి బక్కపలుచని మనిషి, ఎడమ చేతి బొటనవేలు మీద అడ్డంగా తెల్లటి కోత మచ్చ. నన్ను చూసి, "గింత పిల్లవా? రాయి బిడ్డా. మా సంఘం పేరు పైన పెద్దగ పెట్టి రాయి" అంది.

అక్కడ నేను తప్పు చేశాను. రెండు కారణాలు. ఒకటి, బాపుకు కోర్టు ముందర కూర్చునేందుకు కచేరీ వాళ్ళు ఇచ్చిన అనుమతి. సర్కారు కాదన్న పేరును పెద్దక్షరాల్లో పెట్టి, ఆ సర్కారు మీదనే పరాయి దేశానికి రాసింది ఈయన కూతురే అని తెలిస్తే ఆ చాప ఎత్తేస్తారేమోనని భయం. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. బాపు దగ్గర నేర్చుకున్న అర్జీ పద్ధతి నాకు చాలా ఇష్టం. ఘనమైన పాదాల దగ్గర విన్నవించుకోవడం, దీనులం దిక్కులేనివాళ్ళం అనడం, దయ చూపమనడం. అందులో నేను గట్టిదాన్ని. దిక్కులేని నలభై మంది అడుక్కుంటున్నట్టు రాస్తే చదివినవాళ్ళ గుండె కరగక తప్పదనుకున్నాను. ఆ వాక్యాల పైన సంఘం పేరు ఉంటే నప్పలేదు. తీసేశాను.

వేలిముద్రలు మా వైపు పద్ధతిలోనే వేయించారు. ఇట్లాంటి అర్జీల మీద ఒకరి కింద ఒకరు ముద్ర వేయరు. కాగితం మధ్యలో గిన్నె బోర్లించి గీత గీసి, దాని చుట్టూ గుండ్రంగా వేస్తారు. ఎవరు మొదట వేశారో, ఎవరు ముందుండి నడిపించారో దొరకకూడదని. దొరల కాలం నుంచి ఉన్న జాగ్రత్త. నలభై ముద్రలు చక్రంలా వచ్చాయి. చూడటానికి అందంగా ఉంది. అక్క ముద్ర మాత్రం మచ్చ వల్ల తెలిసిపోతోందని ఎవరో అంటే, "గది బొట్టుబిళ్ల అనుకోన్రి" అని ఆమె నవ్వింది.

పోస్టాఫీసులో గుమాస్తా కవరును అటూ ఇటూ తిప్పి, జెనీవాలో మీకెవరున్నారు, మేనమామనా అని అడిగాడట. ఇప్పటిదాకా ఎవరూ లేరు, ఇకముందు ఉంటారేమో చూద్దాం అన్నాడట బాపు. ఇంటికొచ్చి చెప్పి తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

దీపావళి వచ్చింది, పోయింది. ముకద్దం అన్నంత పనీ చేయలేదు గాని సగం చేశాడు. అన్ని ముఠాలకూ సరిపడా కొత్తవాళ్ళు దొరకక అక్క ముఠాను తీసుకున్నాడు. సంఘం మాట ఎత్తకూడదన్న షరతు మీద. ఆ సీజనులో ఒకమ్మాయికి మణికట్టు దగ్గర తెగింది. మర్నాడు ఆమెను రావద్దన్నారు. అక్క ఏమీ అనలేకపోయింది. కాగితం లేదు కదా.

జవాబు మాఘంలో వచ్చింది. పల్చని నీలం కవరు, మీద ఎప్పుడూ చూడని స్టాంపు. బాపు దాన్ని చింపకుండా నా చేతికిచ్చాడు. అక్క, ఇంకో ఇద్దరు వసారాలో ఉన్నారు. నేను లోపల నిలబడే చదివాను. చాలా మర్యాదగా రాశారు. మీ ఉత్తరం అందింది, ధన్యవాదాలు అని మొదలుపెట్టారు. విడివిడి మనుషులు చేతిముద్రలతో పంపుకునే విన్నపాలను తాము విచారించలేమనీ, కార్మికుల సంఘం ఏదైనా సంఘంగా ఫిర్యాదు చేస్తేనే తీసుకోగలమనీ రాశారు. ఆ సంఘం తరఫున బాధ్యత గల ఒకరు సంతకం చేయాలట. ఆ సంఘాన్ని సొంత ప్రభుత్వం నమోదు చేసిందా లేదా అన్నది తమకు అడ్డం కాదని చివర విడిగా చెప్పారు.

ఆ చివరి వాక్యం మళ్ళీ చదివాను. పేరు ఉండి ఉంటే ఇక సంతకం ఒక్కటే అడిగేవాళ్ళు. ఒక సీజను నా వల్ల పోయింది. మణికట్టు తెగిన అమ్మాయి పని కూడా.

నేను తెలుగు చేసి తోసిన చీటీ చూసి బాపు వాళ్ళకు చెప్పి, తల పట్టుకున్నాడు. తప్పు తనదేనన్నాడు. అలవాటు కొద్దీ అర్జీ లాగ రాయించాననీ, గుండ్రపు ముద్రలు వద్దనాల్సిందనీ అన్నాడు. నేను పరదా ఇవతల ఉన్నాను. బయటికి వచ్చి చెప్పాల్సింది. చెప్పలేదు.

అక్క మాత్రం ఆ తప్పు దగ్గర ఆగనేలేదు. "ఆ ఆఖరు ముక్క మల్ల చెప్పే అన్నా" అంది. బాపు మళ్ళీ చెప్పాడు. 

"సర్కారు రాసుకోకున్నా మనం సంఘమే అంటున్నరు. మరి గన్ని రోజులు మనం ఎవల్ని అడుగుతున్నం, మమ్ముల సంఘం చెయ్యున్రని? అయ్యింది గద."

పక్కనున్న ముసలాయన అడిగాడు, "ఒక్కలే ముద్ర ఎయ్యాలెనట గదనే. ఎవలు ఏస్తరు?"

 గుండ్రంగా వేసిన నలభై మందిలో ఒకరు కావడం వేరు. ఒక్క ముద్ర కింద ఒక్క మనిషి ఊరూ పేరూ ఉండటం వేరు. అది ఎట్లాగూ ముకద్దం చెవిన పడుతుంది. అక్క ఇంట్లో మంచం మీద పెనిమిటి ఉన్నాడు, పెళ్ళి కావలసిన బిడ్డ ఉంది, ఆమె చెయ్యి ఒక్కటే ఆధారం. ఇవన్నీ అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు.

"నా ఏలు గా కాయితం మీద ఎట్లనో ఎరుకైతనే ఉండె. ఒక్కదాన్నే ఏస్త" అంది అక్క.

కాని సంఘం తరఫున అనాలంటే సంఘం కూర్చుని ఆమెను ఎన్నుకోవాలి. ఆ ఆదివారం కోసేసిన చెరుకు చేలో అన్ని ముఠాలూ కూర్చున్నాయి. ఉత్తరం అందరికీ చదివి వినిపించాలి. బాపుకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ముక్కముక్కా తెలుగులో చెప్పాల్సింది నేనే. వెళ్ళాను. ఎండుటాకు కాళ్ళకు గీసుకుంటోంది, గాలిలో మిల్లు మడ్డి వాసన. వంద మందికి పైగా నా వైపు చూస్తున్నారు. నాకు మాట రావడం లేదు. ముందు వరసలో ఒక ముసలమ్మ, పోస్టులో మాట ఆలస్యమైతున్నదా బిడ్డా అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎట్లాగో మొదలుపెట్టాను. మొదటి వాక్యం నాకే వినపడలేదు. చివరి వాక్యానికి వచ్చేసరికి వెనక వరసవాళ్ళు కూడా ఊకొడుతున్నారు. చదివిన తర్వాత మళ్ళీ చదవమన్నారు. మూడుసార్లు చదివాను.

రెండో కాగితం ఆ సాయంత్రమే టైపు చేశాను. ఘనమైన పాదాలు లేవు, దీనులం లేదు. పైన సంఘం పేరు, పెద్దక్షరాల్లో. కింద ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, కచేరీ ఏమని జవాబిచ్చింది, మన దేశం ఏ ఒప్పందానికి ఒప్పుకుంది. ఒక పేజీ దాటలేదు. బాపు చూసి, ఇది అర్జీలా లేదే అన్నాడు. తర్వాత అవ్వతో, పిల్ల నాకన్న ముందుకు పోయింది అని చెప్పడం విన్నాను. అక్క వచ్చి కాగితం అడుగున, అధ్యక్షురాలు అన్న మాట మీద బొటనవేలు ఒత్తింది. ముద్ర మధ్యలో అడ్డంగా మచ్చ గీత. నలభై ముద్రల చక్రం కన్నా ఆ ఒక్కటీ నాకు ఎక్కువసేపు కళ్ళ ముందు నిలిచింది.

మరుసటి సీజనుకు ముకద్దం ఆమె ముఠా మొత్తాన్ని పిలిచాడు, ఆమెను తప్ప. మేమూ పోమని ముఠా కూర్చుంది. పోండి, పోయి సంఘంగా ఉండండి, ఇంట్లో కూర్చుంటే సంఘం ఎట్లా ఉంటుందని ఆమే అందరినీ పంపింది. తను మోర్తాడ్ వైపు పసుపు తవ్వడానికి పోయింది. నెలకోసారి వచ్చేది, గోళ్ళ చుట్టూ పసుపు దిగిపోయి ఉండేది. వస్తే మా ఇంటికి వచ్చి ఏమన్నా వచ్చిందా అని అడిగేది. ఏమైనా అంటే జెనీవా నుంచి. ఉత్తరాలు వస్తూనే ఉండేవి. మీ ఫిర్యాదు మీ ప్రభుత్వానికి పంపాం. ప్రభుత్వం ఇంకా బదులివ్వలేదు, మళ్ళీ అడిగాం. కొంత వివరణ వచ్చింది, సరిపోలేదు, ఇంకా అడుగుతున్నాం. మీరు చెప్పదలచుకున్నది ఇంకేమైనా ఉంటే రాయండి.

ఆ ఉత్తరాలు చదువుతుంటే నాకు వాళ్ళ మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. వాళ్ళకు పోలీసులు లేరు, జైలు లేదు. ఒక దేశాన్ని బలవంతాన ఏమీ చేయించలేరు. చేతనైంది అడగడం. జవాబు రాకపోతే మళ్ళీ అడగడం, అడిగినట్టు అచ్చు వేసి అన్ని దేశాల ముందూ పెట్టడం. విసుగు లేకుండా, మాట తూలకుండా. ఎప్పుడూ చూడని మనుషులు, బోధన్ ఎక్కడుందో తెలియని మనుషులు, ఒక చెరుకు కూలీ బొటనవేలి ముద్రకు అంత విలువ ఇచ్చి నెలనెలా లెక్కచేయడం నాకు ఏ నవలలోనూ కనపడలేదు. అక్కలో ఉన్నదీ అదే ఓపిక. అందుకేనేమో వాళ్ళ ఉత్తరాలు ఆమెకు తొందరగా అర్థమయ్యేవి.

ఆ అడగడం జెనీవా నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు దిగి, ఒకరోజు జీపులో బోధన్ దాకా వచ్చింది. ఒక ఆఫీసరు ఫైలు పట్టుకుని మా వసారాలో కూర్చున్నాడు. పెద్దమనిషే. ఈ ముద్ర ఎవరిదో ఆమెను చూడాలన్నాడు. మోర్తాడ్ నుంచి అక్కను పిలిపించాం. సంఘంలో ఎంతమంది, ఎప్పుడెప్పుడు కూర్చున్నారు, చెరుకు కోయడం తప్ప మిల్లు దగ్గర ఏ పని చేస్తారు అని అడిగాడు. బండ్లకు ఎత్తుతాం, గానుగ దాకా మోస్తాం, అక్కడ దింపుతాం అంది. ఆయన ఫైల్లో రాసుకుంటూ, మరి పరిశ్రమ పని కాదంటే ఎట్లా అని తనలో తనే గొణుక్కున్నాడు. పోతూ పోతూ, ఇంత దూరం రాయడమెందుకు, మాకే ఇంకోసారి చెప్పకపోయారా అన్నాడు. చెప్పినం సార్, మీ జవాబే అందుల పెట్టినం అంది అక్క. ఆయన నవ్వి, ఫైలు మూసి జీపెక్కాడు.

రెండు నెలల తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. మామూలు గోధుమరంగు కాగితం, ఒక మూలన నంబరు. దాన్ని పటం కట్టించారు. ఆ ఏడు కోతకు ముందు ముకద్దం సంఘంతో కూర్చున్నాడు. అతనికి ఎదురుగా కూర్చున్నది అక్క. చెయ్యి తెగినవాళ్ళకు గాయం మానేదాకా చెరుకాకు కట్టలు కట్టే తేలిక పని ఇవ్వాలనీ, బాలింతకు తన ముఠాలో చోటు అట్లాగే ఉండాలనీ కాగితం మీదకు వచ్చింది. అక్క మళ్ళీ కోతకు దిగింది, మణికట్టు తెగిన అమ్మాయి కూడా వచ్చింది. ఆమెను చూసినప్పుడల్లా నాకు పొయ్యిలో పెట్టిన కాగితం గుర్తొచ్చేది, తల దించుకునేదాన్ని. ఆమె అది సిగ్గనుకుని నాకోసం చెరుకు గడ తెచ్చిచ్చేది.

ఆ కోత ముగిసేలోపే, ఎండాకాలం మొదట్లో, నాకు హైదరాబాద్‌లో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఇన్నాళ్ళూ పరదా వెనక ఉన్న పిల్ల అంత పట్నంలో ఎట్లా ఉంటుందని అవ్వ ఏడ్చింది. వంద మంది ముందు చదివింది, ఉంటుందిలే అన్నాడు బాపు. వెళ్ళే రోజు బస్టాండుకు అక్క వచ్చింది. చేతిలో కోత కత్తి అట్లాగే ఉంది, చేలో నుంచి నేరుగా వచ్చినట్టుంది. బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడింది. ఆమెను మళ్ళీ చూడలేదు. ఆ వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయిందని బాపు రాసిన ఉత్తరంతో తెలిసింది. ముఠాలన్నీ పని ఆపి వెంట నడిచాయట.

బస్సు కదులుతుంటే ఆమె కిటికీ కడ్డీ పట్టుకుని, నాలుగు అడుగులు పక్కనే నడుస్తూ అన్న మాటలు ఇవి:

"గా దేశపోళ్లకు రాసినవా బిడ్డా, మా పని అయ్యిందని? రాయకుంటె పోంగనే రాయి. గన్నిసార్లు అడిగినోళ్లు, ఇంక ఎదురుసూస్తుంటరు."